బోరబండ గల్లీలో పారిపోయిన ర్యాంపు

కట్టడాల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన పని ఏది?" అడుగుతూనే వాళ్ళ చూపులు నల్లగండ్లలోని మా బాల్కనీ దాటి, దూరంగా మెరుస్తున్న గాజు మేడల మీదికి పోతాయి. వాటిలో రెండుమూడింటి పునాదుల్లో నా చెమట కూడా ఉంది, కాదనను. కానీ పేరు తెచ్చిన పని అంటే అబద్ధం చెప్పలేను. బోరబండలో ఒక గల్లీ ఉంది. ఆ గల్లీలో నన్ను చూడగానే చిన్నా పెద్దా అందరూ గుర్తుపట్టి నవ్వుతారు. ఇంత పేరు నాకు ఇంకెక్కడా లేదు.

అది ఎలా వచ్చిందో చెబుతాను. మీలో ఎవరైనా గేటు ముందు గచ్చుకో, కుళాయి కింద దిమ్మెకో ఇంటి దగ్గర సొంతంగా కాంక్రీటు కలుపుకుందామని సరదాపడుతుంటే, ఇంకాస్త శ్రద్ధగా వినండి.

నా ఉద్యోగం సైటులో కాంక్రీటు నాణ్యత చూడడం. వీపు మీద డ్రమ్ము తిప్పుకుంటూ రెడీమిక్స్ లారీ గేటు దగ్గర ఆగగానే, అందులోంచి ఒక తట్టెడు తీయించి, గరాటు లాంటి ఇనప అచ్చులో కూరి, అచ్చు పైకెత్తి, ఆ ముద్ద ఎంత కుంగిందో కొలిచేవాణ్ణి. మరీ ఎక్కువ కుంగితే దారిలో ఎవరో నీళ్ళు కలిపారని అర్థం. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న డ్రైవరు, లోపల సరుకు గట్టిపడిపోతోందన్న కంగారులో ఒక బకెట్టు నీళ్ళు పోసేసేవాడు. ఆ పోయడం నేను చూడకపోయినా, అచ్చు ఎత్తగానే కాంక్రీటే వాడి మీద చాడీ చెప్పేసేది. "రిజెక్ట్" అనేవాణ్ణి. డ్రైవర్లు బతిమాలేవారు, దండం పెట్టేవారు, కొందరు నా వెనకాల నా వంశాన్నంతా తలుచుకునేవారు. నేను కరిగేవాణ్ణి కాదు. గేటు దగ్గర నాకు వాళ్ళు పెట్టిన పేరు "యముడు". ఆ పేరు విన్నప్పుడల్లా కోపం నటించేవాణ్ణి కానీ, లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

అప్పుడు మేం కడుతున్నది హైటెక్ సిటీ వెనకాల ఒక ఆఫీసు టవరు. పొద్దున, సాయంత్రం టీ వేళకు ముగ్గురం ఒకచోట చేరేవాళ్ళం. నేను, ప్లానింగ్ ఇంజనీరు, పంపు ఆపరేటరు. ప్లానింగ్ ఇంజనీరుది భీమవరం వైపు. వయసులో నాకంటే చిన్నవాడు. గోళ్ళు కత్తిరించుకోవాలన్నా ముందు ఒక చార్టు గీసుకునే రకం. పంపు ఆపరేటరుది పాలమూరు జిల్లా. లారీలోని కాంక్రీటును గొట్టంలోంచి పై అంతస్తులకు ఎక్కించడం అతని పని. గొట్టంలో కాంక్రీటు ఇరుక్కుంటే అతనికి ప్రాణం పోయినట్టుండేది. అందుకని అతని దృష్టిలో మంచి కాంక్రీటంటే జారే కాంక్రీటే.

మాకు టీ పోసే ఆవిడను అందరూ చాయమ్మ అనేవారు. రోజూ బోరబండలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి వచ్చేది. రేకుల షెడ్డు కింద ఆమె కాచే చాయ్ కోసం పక్క సైటువాళ్ళు కూడా మా గేటు దగ్గర తచ్చాడేవాళ్ళు. రహస్యమంతా అల్లంలో ఉంది. ఆ అల్లం ఆమె అత్తగారు తెల్లవారగానే రోట్లో దంచి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చేది. కోడలు దంచితే ఆ రుచి రాదని అత్తా అనేది, కోడలూ ఒప్పుకునేది. అత్తా కోడళ్ళు ఒకే మాట మీద ఉన్న ఇల్లు నేను చూసింది అదొక్కటే.

ఒకరోజు టీ చప్పగా వచ్చింది. తర్వాత మూడు నాలుగు రోజులూ అంతే. చివరికి పంపు ఆపరేటరు గ్లాసు వంక చూసి, "చాయమ్మా, దీన్ల గూడ నీళ్ళు కలిపిండ్రా ఏంది? సారుకు దెలిస్తే రిజెక్ట్ జేస్తడు" అన్నాడు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఆ రోజు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అత్తమ్మ బాత్రూంల జారి పడ్డది సారూ. తుంటి బొక్క ఇరిగింది. దవాఖానల ఆపరేషన్ జేసిండ్రు, ఇంక ఆడనే ఉన్నది. నడుస్తదట గని, స్టాండు పట్టుకొని నడవాలె, మెట్లెక్కొద్దు అన్నరు. మా ఇల్లు మీరు సూడలే. గుట్ట మీద. గల్లీల నుంచి దర్వాజకు మూడు మెట్లు, ఒక్కొక్కటి ఇంతెత్తు." మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించింది. "మా ఆయనేమో శంకర్‌పల్లి అవతల మా ఆడబిడ్డోళ్ళింట్ల దింపొస్త అంటుండు. ఆడ మెట్లు లేవట."

"కొన్నాళ్ళే కదమ్మా" అన్నాను.

"అత్తమ్మ ఏమన్నదో ఎరికేనా సారూ? 'ఒక్కసారి మూట గట్టుకున్న ముసల్దాన్ని మల్ల ఎవలు పిలుస్తరే' అన్నది. పొద్దుగాల నేనీడికొస్త, ఆయన క్యాబ్ మీద పోతడు. ఆమె లేకపోతే అది ఇల్లెట్లయితది?"

మెట్ల పక్కన గోడ వెంబడి ఏటవాలుగా ర్యాంపు వేయిస్తే సరిపోతుంది కదా అన్నాం. అదీ అడిగి చూసిందట. మేస్త్రీ వచ్చి చూసి, "గింత పనికి నేనెట్లొస్త అక్కా, రేపు సూద్దాం" అన్నాడట. హైదరాబాదులో ఇరవై అంతస్తులు కట్టేవాళ్ళు దొరుకుతారు కానీ, మూడు మెట్ల పనికి మనిషి దొరకడు. ఆ మేస్త్రీ చెప్పిన రేపు ఇంతవరకు రాలేదు.

"మీ లారీలకెల్లి నాలుగు తట్టలు పొయ్యరాదుండ్రి సారూ?" అని చాయమ్మే అడిగింది. కంపెనీ సరుకు గేటు దాటదని చెప్పాను. దాటినా ఆ గల్లీలో లారీ పట్టదు. అప్పుడే ప్లానింగ్ ఇంజనీరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"సార్, కాంక్రీటు మనుషులం ముగ్గురం ఉన్నాం కదండీ. మేస్త్రీ ఎందుకండీ? ఆదివారం వెళ్ళి మనమే కలిపేసి వద్దామండీ."

ఆ మాట మా ముగ్గురికీ ఎంత నచ్చిందో చెప్పలేను. సర్వీసంతా కాంక్రీటుతోనే బతికాం. చిన్న చెరువు నిండేంత పోయించి ఉంటాం. మాలో ఒక్కడు కూడా ఒక్క తట్టెడు చేత్తో కలిపిన పాపాన పోలేదన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాటికల్లా ప్లానింగ్ ఇంజనీరు చార్టు తయారుచేసి తెచ్చాడు. ఎర్ర గీత, పచ్చ గీత, నీలం గీత. భోజన విరామం కూడా గీతగా గీసి పెట్టాడు. తర్వాత చూస్తే, ఆ చార్టు ప్రకారం జరిగింది అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే బోరబండ చేరాం. మెట్ల పక్కన బట్టలుతికే బండ తీసేసి, గోడ వెంబడి రాళ్ళు, ఇటుక ముక్కలు ఏటవాలుగా పేర్చి దిమ్మిస కొట్టాం. పక్కలకు పలకలు బిగించాం. ఇంతవరకు బాగానే ఉంది. గల్లీ జనం గుమ్మాల్లోకి వచ్చి కూర్చున్నారు. స్లాబు పోసే రోజు కొబ్బరికాయ కొట్టడం, పనివాళ్ళకు ఇంటివాళ్ళు దావత్ ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. ర్యాంపుకు అదంతా ఎందుకమ్మా అంటే చాయమ్మ వినలేదు. కొబ్బరికాయ కొట్టింది, పారకు బొట్టు పెట్టింది. లోపల పొయ్యి మీద కోడికూర ఉడుకుతున్న వాసన గల్లీ చివరి దాకా పోయింది.

ఇనప రేకు మీద ఇసుక, సిమెంటు, కంకర కుప్ప పోసి నీళ్ళు పోశాం. పంపు ఆపరేటరు పారతో రెండు తిప్పులు తిప్పి ఆగిపోయాడు.

"సార్, గిది మస్తు గట్టిగున్నది. పంపుల పోస్తే గొంతుల ఇరుక్కుంటది."

ఇక్కడ పంపు ఎక్కడుందయ్యా అని ఎవరో ఒకరు అడగాల్సింది. అడగలేదు.

"అవునండీ, మన సైటులో ఇంతకంటే బాగా జారుతుందండీ" అన్నాడు ప్లానింగ్ ఇంజనీరు.

నేనూ వంగి చూశాను. నిజమే, నా కంటికి అది కాంక్రీటులా లేదు. నేను ఇన్నేళ్ళూ చూసిన కాంక్రీటు పాయసంలా కదిలేది. "ఇంకో బకెట్టు పొయ్యి" అన్నది నేనే. ఆ తర్వాత ఇంకొకటి. నీళ్ళు పోసేకొద్దీ పార తేలిగ్గా తిరిగింది, నడుము నొప్పి తగ్గింది, ముగ్గురికీ హుషారొచ్చింది. చివరికి అచ్చం సైటులో కాంక్రీటులా కళకళలాడుతూ తయారైంది. పంపు ఆపరేటరు మురిసిపోయాడు.

తట్టలకెత్తి ర్యాంపు పైభాగాన పోశాం. అది కాసేపు మమ్మల్ని చూసింది. తర్వాత కిందికి బయల్దేరింది.

పరుగు కాదు, నింపాదిగానే. పైన పోసింది మధ్యకు, మధ్యలోది కిందికి. కింద అడ్డం పెట్టిన పలకను ఒక పక్కకు తోసి, గల్లీలోకి దిగి, ఎదురింటి మోరీ దాకా అడ్డంగా పరుచుకుంది. మేం తట్టలతో ఎత్తి మళ్ళీ పైన పోశాం. మళ్ళీ దిగింది. ప్లానింగ్ ఇంజనీరు రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఆగండి, ఆగండి" అన్నాడు. కాంక్రీటును కూడా మీరు అనే మర్యాదస్తుడు.

ఎదురింటి గుమ్మంలో బీడీ తాగుతున్న పెద్దాయన చాలాసేపు ఓపిక పట్టి, చివరికి అడిగాడు. "సారూ, మీరు ర్యాంపేస్తున్నరా, మా గల్లీకి రోడ్డేస్తున్నరా?"

గల్లీ అంతా ఒక్కసారి నవ్వింది. పంపు ఆపరేటరు పార కింద పెట్టి, నా వైపు తిరిగి, గేటు దగ్గర నేను నిలబడే పద్ధతిలోనే చేతులు వెనక్కి కట్టుకుని అన్నాడు. "సార్, ఈ లారీ రిజెక్ట్."

మధ్యాహ్న భోజనం వేళకు ర్యాంపు మీద పలుచటి సిమెంటు పూత, పైకి తేలిన రాళ్ళు మిగిలాయి. గల్లీలో మాత్రం అడ్డంగా ఒక గట్టు లేచింది. బండ్లు తట్టుకుని ఎవరైనా పడతారేమోనని పంపు ఆపరేటరు పార వెనక వైపుతో దాన్ని నున్నగా, గుండ్రంగా అదిమాడు. ఆ రోజు మేం సక్రమంగా చేసిన పని అదే. చాయమ్మ విస్తళ్ళు వేసి, "తినుండ్రి సారూ, దావత్ ఒద్దనొద్దు" అంది. ఏ ముఖం పెట్టుకుని తింటాం? నేను విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ప్లానింగ్ ఇంజనీరుకు మాత్రం దుఃఖంలో ఆకలెక్కువట, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

తింటుండగానే చాయమ్మ భర్త వచ్చాడు. క్యాబ్ గల్లీ మొదట్లో ఆపి నడిచివచ్చి, గట్టు చూశాడు, ర్యాంపు చూశాడు. కోప్పడినా బాగుండేది.

"సార్, మీరు పెద్దోళ్ళు. ఐతారం పూట ఇల్లు ఇడిసిపెట్టి వచ్చి ఇంత కష్టపడ్డరు, గదే సాలు. అమ్మను అక్కోళ్ళింట్ల దింపొస్త. ఇగ మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

చాయమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అంతవరకు అదంతా నాకు తమాషాగానే ఉంది. అప్పుడు మాత్రం విస్తరి మడిచేశాను. మేం ఆటగా వచ్చాం. ఆ ఇంట్లో ఒక మనిషి ఉండడం, పోవడం దాని మీద ఆధారపడి ఉంది.

సోమవారం ఆమె టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్ళిపోయింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఒక లారీ వచ్చింది. అచ్చు ఎత్తగానే ముద్ద పళ్ళెంలో మజ్జిగన్నంలా కూలబడింది. డ్రైవరు చేతులు జోడించాడు. "ట్రాఫిక్ల గట్టిగైతుందని జరన్ని నీళ్ళు పోసిన సార్. తిప్పనీకి అల్కగుంటదని."

ఆ కూలబడిన ముద్ద అచ్చం బోరబండ గల్లీలో గట్టులా ఉంది. లారీలో కాంక్రీటు జారేది నీళ్ళ వల్ల కాదు, అందులో కలిపే మందు వల్ల. నీళ్ళు పోస్తే జారడమే కాదు, బలం కూడా పోతుంది. ఈ పాఠం నేను కొత్త పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! చేతికి పార రాగానే నేనూ ఆ డ్రైవరూ ఒకటే అయ్యాం. తిప్పడానికి తేలిగ్గా ఉంటుందనే నేనూ పోశాను. లారీని రిజెక్ట్ చేశాను, అది తప్పదు. కానీ ఆ డ్రైవరుకు చాయమ్మ దగ్గర చాయ్ ఇప్పించి పంపాను. యముడు టీ పోయించాడన్న వార్త సాయంత్రానికల్లా లారీలన్నిటికీ పాకిపోయింది.

చాయమ్మను బతిమాలి ఆమె భర్తతో ఫోనులో మాట్లాడాను. తల్లిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు వరకు ఆగమని అడిగాను. "సరే సార్. గని ఈసారి గల్లీల పడకుంట సూడుండ్రి" అన్నాడు.

మళ్ళీ నలుగురిలో నవ్వులపాలు కాదలుచుకోలేదు. ఇంటికెళ్ళి పాత టబ్బులో, అంట్లు తోమే చోట, నాలుగు దోసిళ్ళ కాంక్రీటు కలిపి చూశాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇన్నేండ్లు సిమెంటు దుమ్ము బట్టల మీదనే తెచ్చేటోళ్ళు. ఇప్పుడు బస్తానే తెచ్చిండ్రా?" అంది. ముందు ఇసుక, సిమెంటు పొడిగానే కలిపాను, ఎక్కడ చూసినా ఒకే రంగు వచ్చేదాకా. తర్వాత కంకర. నీళ్ళు చిలకరింపులుగా, తిప్పుకుంటూ. ఇవి చాలవేమో, ఇంకొంచెం పోద్దామా అని చెయ్యి పీకుతున్నప్పుడు ఆపేశాను. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడింది, వేళ్ళ సందుల్లోంచి కారలేదు. ఆ టబ్బు ఆకారంలో గట్టిపడిన దిమ్మె ఇప్పటికీ మా వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతోంది. నా ఉద్యోగం వల్ల ఇంటికి జరిగిన ఏకైక ఉపకారం అదేనని మా ఆవిడ అందరికీ చూపిస్తుంది.

ముగ్గురం సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాం. ఈసారి చార్టు లేదు, కొబ్బరికాయ లేదు, దావత్ మేమే వద్దన్నాం. గల్లీ జనం మాత్రం కుర్చీలు తెచ్చుకున్నారు. పాత పూతంతా గీకేసి తడిపాం. పంపు ఆపరేటరు కలుపుతుంటే నేను నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇవ్వడానికి కాదు, ఇవ్వకుండా ఉండడానికి. "సార్, ఒక్క చెంబు. చేతులు పడిపోతున్నయి" అని అతను నిజంగానే బతిమాలాడు. ఇవ్వలేదు. చెమటలు కక్కుతూ తిప్పాడు, తర్వాత నేను తిప్పాను, తర్వాత ప్లానింగ్ ఇంజనీరు తిప్పాడు. భుజాలు ఊడొచ్చాయి. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోసుకుంటూ, పలకతో కొట్టి అదిమాం. కాంక్రీటు పెట్టినచోట కూర్చుంది. తడి మీద చాయమ్మ ఇచ్చిన చీపురుతో అడ్డంగా గీతలు లాగాం, కాలు జారకుండా. ఎదురింటి పెద్దాయన బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చి, వంగి చూసి, "ఈసారి పోతలేదు" అన్నాడు. ఆ కాస్త మాటకే ప్లానింగ్ ఇంజనీరు కళ్ళు చెమర్చాయి.

మర్నాడే చాయమ్మ అత్తగారిని ఆసుపత్రి నుంచి పంపేశారు. గల్లీ అంతా ఆమెను అవ్వ అనేది. ర్యాంపు ఇంకా పచ్చిది, అడుగు పెట్టడానికి లేదు. పక్కింటి కుర్రాళ్ళు, కొడుకు కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పాత మెట్ల మీదుగా ఎత్తుకొచ్చారు. "నన్నేమన్న పీర్ల పండుగ పీరును జేసిండ్రార్రా, గిట్ల ఊపుకుంట తెస్తున్నరు?" అని ఆమె అరుస్తుంటే గల్లీకి గల్లీ నవ్వింది. కొడుకు మాత్రం ఆమె బట్టల సంచీ క్యాబ్‌లోంచి దించలేదు. దాని మీద నా చూపు పడింది, చాయమ్మదీ పడింది.

నేను అవ్వ ముందు కూర్చుని చెప్పాను. కాంక్రీటు ఎండకు ఎండితే బలం రాదు, తడిలోనే గట్టిపడుతుంది. గోనెసంచులు కప్పి రోజూ తడుపుతూ ఉండాలి, ఎవర్నీ ఎక్కనివ్వకూడదు.

"ఎవలు తడపాలె?" అంది.

"ఎవరైనా సరే అవ్వా."

"ఎవలైన అంటే ఎవలు తడపరు. చెంబు ఈడ పెట్టుండ్రి" అంది.

ఆ రోజు నుంచి దర్వాజ పక్కన కుర్చీ, కుర్చీ పక్కన బిందె, ఒళ్ళో కర్ర. సంచి అంచు కాస్త తెల్లబడితే చాలు, చెంబెత్తేది. మెట్లు ఉండగా అందరికీ ర్యాంపే ఎక్కాలని ముచ్చట. కుక్కలను, కోళ్ళను, పాలవాణ్ణి, సొంత కొడుకునూ అదే కర్రతో అదిలించింది. సాయంత్రం ఒకసారి చూసి పోదామని నేను వెళ్ళి, సంచి పక్కకు జరిపి వేలితో తట్టబోయాను. కర్ర నా చేతికి అడ్డం వచ్చింది.

"ఎవరది? ముట్టకు."

"నేనే అవ్వా, సైటు సారును."

"సారువైతేంది? పక్వానికొచ్చినంక రా."

నా గేటు ముందు ఇన్నేళ్ళు లారీ డ్రైవర్లు ఎలా నిలబడేవారో, అలా గల్లీలో నిలబడి, తల గోక్కుని, రైలెక్కి ఇంటికెళ్ళాను. నాకంటే పెద్ద యముడు బోరబండలో ఉన్నాడని పంపు ఆపరేటరుకు చెబితే పడీ పడీ నవ్వాడు. ఆ వారంలోనే బట్టల సంచీ క్యాబ్‌లోంచి ఇంట్లోకి వచ్చిందని చాయమ్మ చెప్పింది. తడపడానికి అమ్మ లేకపోతే ర్యాంపు పాడైపోతుందని కొడుకే అన్నాడట.

సంచులు తీసే రోజున మేం ముగ్గురం వెళ్ళాం. నేను మడమతో తొక్కి చూశాను, పంపు ఆపరేటరు గెంతి చూశాడు. అవ్వ నడిచే స్టాండు రెండు చేతులా పట్టుకుని లేచింది. కోడలు వెనకాలే కొంగు బిగించుకుని నిలబడింది. ఒక్కొక్క గీత మీద స్టాండు పెట్టి, ఆగి, అడుగు వేసి, ఆగి, కింది దాకా దిగింది. గల్లీ నేల మీద కాలు పెట్టాక తల ఎత్తి అటూ ఇటూ చూసి, "అబ్బ" అంది. అంతే. చాయమ్మ భోరున ఏడ్చింది. నా సర్వీసులో టవర్లు ప్రారంభించినప్పుడు బ్యాండు మేళాలు విన్నాను, పెద్దవాళ్ళు రిబ్బన్లు కత్తిరించడం చూశాను. ఏ రోజూ నా అంతట నేను చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు కొట్టాను.

అప్పుడే గల్లీ పైనుంచి ఒక బిర్యానీ డెలివరీ బండి దూసుకొచ్చింది. ఆ వాలులో వాళ్ళు అలాగే వస్తారు. అవ్వ పక్కకు తప్పుకునే స్థితిలో లేదు. మేమందరం ఒక్కసారి కేకేశాం. మా కేకకు ముందే, మొదటి ఆదివారం మేం పారబోసుకున్న గట్టును చూసి అతను గబుక్కున బ్రేకు వేశాడు. బండి మెల్లగా గట్టెక్కి దిగి, అవ్వ పక్కనుంచి మర్యాదగా వెళ్ళిపోయింది. ఎదురింటి పెద్దాయన మమ్మల్ని చూసి, "గిదంత ముందుగాలనే ప్లాన్ జేసిండ్రా సారూ?" అని అడిగాడు. ప్లానింగ్ ఇంజనీరు ఏమాత్రం సిగ్గు లేకుండా అవునండీ అన్నాడు.

అన్ని నీళ్ళు పోసిన ఆ గట్టు మొదటి వానకే పోతుందని నేను అనుకున్నాను. చెప్పాను కూడా. పెచ్చు లేచినప్పుడల్లా గల్లీవాళ్ళే గుప్పెడు సిమెంటు పూసి నిలబెట్టుకుంటున్నారు. దానికి నా పేరే పెట్టారు. "సారు గట్టు" అంటేనే ఆటోవాళ్ళకు తెలుస్తుంది.

రిటైరయ్యాక ఒకసారి ఆ టవరు పక్కగా వెళుతూ, లోపల ఎలా ఉందో చూద్దామని గేటు దగ్గర ఆగాను. సెక్యూరిటీ అబ్బాయి ఎంతో మర్యాదగా, "ఎవర్ని కలవాలె సార్? ఐడీ కార్డుందా?" అని అడిగాడు. ఏ స్తంభంలో ఏ రోజు పోసిన కాంక్రీటుందో చెప్పగలను కానీ, అక్కడ కలవడానికి నాకు మనిషి ఎవరూ లేరు. ఏమీ లేదు బాబూ అని చెప్పి, పక్కనే స్టేషనుకు నడిచి, బోరబండకు టికెట్టు తీసుకున్నాను.

అవ్వ ర్యాంపు పైన కుర్చీలో కూర్చుని అల్లం దంచుతోంది. ఇప్పుడు ఆమెకు స్టాండు అక్కర్లేదు, కర్ర చాలు. నేను పైకి ఎక్కబోతుంటే ఆ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగు సారూ. చెప్పులకు బురదున్నది. అవి ఇప్పి ఎక్కు."

విప్పి, వట్టి కాళ్ళతో ఎక్కాను. చీపురు గీతలు అరికాళ్ళకు గరగరా తగిలాయి. అవ్వ లోపలికి తిరిగి కోడల్ని కేకేసింది.

"సారొచ్చిండే. చాయ్‌ల నీళ్ళు జర తక్కువ పొయ్యి. ఆయనకు నీళ్ళ సంగతి ఎరికే."